నా మీద పెట్టు

మొన్న గద్వాలలో ఒక పెళ్ళికి వీడియో తీయడానికి పోయి, ఒక మంచి మనిషికి కుదరబోతున్న సంబంధాన్ని నా చేతులతో నేనే చెడగొట్టి వచ్చాను. కావాలని చేయలేదు. ప్రేమతోనే చేశాను. అందుకే అది తప్పని ఒప్పుకోవడానికి నాకు కొంత సమయం పట్టింది.

తలంబ్రాలు అయిపోయాయి. జనం ఇంకా భోజనాలకు లేవలేదు. నేను కెమెరా భుజాన వేసుకుని కుర్చీల మధ్య తిరుగుతున్నాను. నా కెమెరాకు ఏది కనిపిస్తే అది స్టేజీ పక్కనున్న పెద్ద ఎల్‌ఈడీ తెర మీద హాలంతటికీ కనిపిస్తుంది. నడిమి వరుసలో, కుర్చీ అంచున, వీపు ఆనించకుండా కూర్చున్న ఒక మనిషిని చూశాను. ముఖం కన్నా ముందు ఆ కూర్చునే తీరును గుర్తుపట్టాను. ఏళ్ళ తర్వాత కనిపించాడు. ఒళ్ళు పొంగిపోయింది. కెమెరాను నేరుగా ఆయన ముఖం మీదికి తిప్పి, పాటలు పాడేవాళ్ళ మైకు అందుకున్నాను.

"ఎవరొచ్చిండ్రో చూడుండ్రి! మన చార్జింగ్ బావ! ఏం బావా, ఫోన్ వచ్చిందా? చార్జింగ్ ఉందా?"

హాలు హాలంతా గొల్లుమంది. పిల్లలు కుర్చీలెక్కారు. తెర మీద ఆయన ముఖం గోడంత పెద్దగా ఉంది. ఎడమవైపు ఒకసారి చూశాడు. తర్వాత లేచి, కుర్చీలు తప్పించుకుంటూ కుడివైపు నడవలోకి వచ్చి నిలబడ్డాడు. జేబులోంచి ఫోన్ తీసి పైకెత్తి చూపిస్తూ, "ఫుల్ ఉంది" అన్నాడు. మైకు లేకపోయినా పెదవులు చూసి అందరికీ అర్థమైంది. ఈలలు, చప్పట్లు. నా కెమెరా ఆయన వెంటే పోయింది. నేనూ నవ్వుతూనే ఉన్నాను.

కాసేపటికి పెళ్ళికొడుకు చిన్నమ్మ విసవిసా నా దగ్గరికి వచ్చింది.

"ఏం మనిషివయ్యా నువ్వు? నీకు జరన్న బుద్ధుందా?"

"ఏమైందక్కా?"

"ఏమైందా? గా మనిషిని నేను బువ్వ తినిపోనీకి పిలిచిననుకున్నవా? గా లైన్లనే ఎడమ దిక్కు పసుపు చీర కట్టుకున్నామె ఉండె. అచ్చంపేట ఆమె. ఇద్దరొకరినొకరు చూసుకుంటరని పిలిపిచ్చిన. ఇప్పుడు చూడు, ఉన్నదా? నువ్వు మైకుల మొత్తుకున్నంక ఆమె తమ్ముడు చెయ్యి పట్టుకొని లేపుకపోయిండు."

ఈమధ్య మావైపు ఈ పద్ధతి వచ్చింది. వయసు ముదిరిన సంబంధాలకూ, రెండో పెళ్ళి సంబంధాలకూ ఇంటికి పోయి చూడరు. ఇంటికి పోతే వాడకట్టంతా తెలుస్తుంది. అటువాళ్ళూ ఇటువాళ్ళూ ఎరిగిన మూడో ఇంటి పెళ్ళికి ఇద్దరినీ పిలుస్తారు. దూరం నుంచి చూసుకుంటారు. కుదిరితే కుదిరింది, లేకపోతే పెళ్ళికొచ్చాం, తిన్నాం, పోయాం. ఎవరి పరువూ పోదు. ఎవరి కంటా పడకుండా కూర్చోవడానికి వచ్చిన మనిషిని నేను గోడంత చేసి చూపించాను.

"ఆయన ఎక్కడున్నడక్కా?"

"పోయిండు. పొయ్యేటప్పుడు గూడ నీ ముచ్చటే. 'వీడియో ఆయనను ఏమనకు అక్కా, పాపం ఆయనకు తెల్వదు' అన్నడు. నేను ఊకుంటనా?"

తెలియదన్న మాట నిజమే. కానీ తెలిసి ఉండాల్సింది. ఇస్త్రీ మడతలు చెదరని ఆ లేత నీలం అంగి చూసైనా తెలుసుకోవాల్సింది. పిల్లను చూడ్డానికి పోతే తప్ప ఆయన ఇస్త్రీ అంగి వేయడని నాకన్నా బాగా తెలిసినవాడు ఈ లోకంలో లేడు.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఒకప్పుడు నేను పెట్టిన పేరు కింద ఆయన అసలు పేరు చాలాకాలం నలిగింది. ఇకనైనా అది ఆయన దగ్గరే ఉండనీ.

మేం కలిసింది వనపర్తిలో. బస్టాండు దగ్గర ఒక ఫొటో స్టూడియోలో నేను పనిచేసేవాణ్ణి. ఆయనది గోపాల్‌పేట పక్కన ఊరు. పల్లి పంట వేసేవాడు. పనిమీద వనపర్తి వచ్చినప్పుడల్లా మా స్టూడియో పక్క హోటల్లో చాయ్ తాగేవాడు. బండి హ్యాండిల్‌కు ఒక పాలిథీన్ కవరు, అందులో మడత నలగని లేత నీలం అంగి. అది ఉందంటే ఆరోజు ఎక్కడో పిల్లను చూసి వస్తున్నాడని హోటల్లో అందరూ ఎరుగుదురు.

"ఏమైందన్నా?" అని ఎవరో ఒకరు అడిగేవారు.

"ఏమైతది. భూమున్నదా అని అడిగిండ్రు. ఉన్నదంటి. అట్లయితె వ్యవసాయమా అని మొఖం అటు తిప్పుకున్నరు. లేదంటె లేదని తిప్పుకుందురు. ఏం చెప్పాలె మరి?"

"ఆఖరికి ఏమన్నరు?"

"ఏమంటరు? ఇంట్ల మాట్లాడుకొని ఫోన్ చేస్తం అన్నరు. చేయుండ్రి, ఫుల్ చార్జింగ్ ఉందని చెప్పి వచ్చిన."

హోటల్లో చాయ్ గ్లాసులు కదిలిపోయేంత నవ్వు. అందరికంటే చివర ఆయన నవ్వేవాడు. ఆయన నవ్వు ఎప్పుడూ ఆలస్యమే. జోకు చెప్పింది తానే అయినా, మిగతావాళ్ళు నవ్వి కళ్ళు తుడుచుకుంటున్నప్పుడు మెల్లగా భుజాలు కదిలేవి.

ఆ మాటలోంచే మా సిరీస్ పుట్టింది. నెట్ ఇంకా అగ్గువ కాని రోజులు. ఫోన్లో కామెడీ చూడడం అప్పుడప్పుడే మొదలైంది. స్టూడియో కెమెరా సెలవు రోజుల్లో ఖాళీగానే ఉండేది. పెళ్ళికాని రైతు ఒకడు ఊరూరూ తిరిగి పిల్లలను చూస్తాడు. ప్రతి భాగం చివరా పిల్ల తండ్రి "ఫోన్ చేస్తం" అంటాడు. ఇతను "చేయుండ్రి, ఫుల్ చార్జింగ్ ఉంది" అంటాడు. అంతే కథ. పేరు కూడా 'ఫోన్ చేస్తం' అనే పెట్టాం. రాసేది నేను, తీసేది నేను, కత్తిరించేది నేను. ముఖం మాత్రం ఆయనది.

మొదట్లో మాకు పిల్ల పాత్రకు ఎవరూ దొరకలేదు. ఏ ఇంటివాళ్ళు పంపుతారు? అందుకని మొదటి భాగాల్లో పిల్ల కనపడదు. చాయ్ పళ్ళెం పట్టుకున్న గాజుల చేతులు మాత్రమే కనిపిస్తాయి. ఆ చేతులు వాళ్ళమ్మవి. చేన్లలో పల్లి పీకి పీకి కాయలు కాచిన చేతులు. ఎంత మసక లైటు పెట్టినా దాగేవి కావు. "పిల్ల మంచిగనే ఉండొచ్చుగని చేతులేంది, పెండ్లికంటె ముందే ముసలైనయ్" అని కింద కామెంట్లు పెట్టేవాళ్ళు. అవి చదివి వినిపిస్తే వాళ్ళమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది.

"ఒరేయ్, నీకు నన్నే చూపిచ్చిండ్రు. ఇగ నీకు పెండ్లయినట్టే" అనేది కొడుకుతో.

నేను కట్ అనగానే ఆయన లేచి, తల్లి చేతిలోంచి పళ్ళెం తీసుకుని, కప్పులన్నీ ఏరి, లోపలికి తీసుకుపోయి కడిగేవాడు. తల్లికి చేతులు నొప్పులని చేస్తున్నాడనుకున్నాను. తర్వాత వేరే ఇళ్ళల్లో తీసినప్పుడూ అదే పని. ఒక్కోసారి నేను కట్ అనకముందే, ఇంకా పాత్రలో ఉండగానే లేచి కప్పులు ఏరేవాడు.

"అన్నా, చూసిపోనీకి వచ్చినోడు కప్పులు కడుగుతడా? ఎవడన్న నమ్ముతడా?" అని విసుక్కునేవాణ్ణి.

"మనం చూసి పోతం. కప్పులు కడిగేది వాళ్ళే గద" అనేవాడు. అంతకుమించి వాదించేవాడు కాదు.

ఆ ముక్క నవ్వు తెప్పించదని ప్రతిసారీ కోసేసేవాణ్ణి. ఫుల్ చార్జింగ్ అనే మాట మీద ముగిస్తేనే జనానికి ఎక్కుతుంది. ఒక్క భాగంలో మాత్రం, తొందరలో, పేర్లు పడేటప్పుడు వెనకాల ఆ ముక్క మిగిలిపోయింది. నాకది చాలాకాలం తర్వాత గాని కనపడలేదు.

సిరీస్ కొంచెం పేరు తెచ్చుకున్నాక, వనపర్తిలో డిగ్రీ చదివే ఒక అమ్మాయి నటిస్తానని తల్లిని తీసుకుని వచ్చింది. మనిషి కొంచెం పొట్టి. నేను అప్పటికప్పుడు ఒక జోకు రాశాను. పిల్ల చాయ్ తెస్తుంటే హీరో మెడ వంచి వెతికి, "చాయ్ ఒక్కటే నడుచుకుంట వస్తుందేంది?" అనాలి. రాసినందుకు నాలో నేనే మురిసిపోయాను. చదివి వినిపిస్తే అక్కడున్న మగవాళ్ళంతా నవ్వారు. ఆ తల్లి బిడ్డ చెయ్యి పట్టుకుంది. ఆయన మాత్రం నవ్వలేదు, ఆలస్యంగా కూడా.

"గిది వద్దు" అన్నాడు.

"మస్తు పేలుతదన్నా."

"పేలనీ. ఆ పిల్ల మీద వద్దు. నా మీద పెట్టు."

"నీ మీద ఏం పెట్టాలె?"

తల ఎత్తి పైనున్న ఫ్యాన్ వైపు చూశాడు. "నేను లేచి నిలబడి దండం పెట్టబోయి ఫ్యాన్‌కు తల తాకిచ్చుకుంట. ఎత్తున్నోన్ని నేనున్న గద. నవ్వేటోళ్ళు నన్ను చూసి నవ్వుతరు."

అలాగే తీశాం. నిజంగానే రెక్క తగిలి నుదురు బొప్పి కట్టింది. మా భాగాలన్నిట్లో జనం ఎక్కువగా చూసింది అదే. ఆ తల్లి పోయేటప్పుడు నాతో ఏమీ మాట్లాడలేదు. ఆయన దగ్గరికి పోయి, "రేపు ఎన్ని గంటలకు తోలుకరావాలె నాయినా?" అని అడిగింది.

అప్పటినుంచి అది ఆయన ఊతపదమైంది. నల్లగా ఉన్న పిల్ల మీద జోకు రాస్తే, నా మీద పెట్టు. పిల్ల తండ్రి తాగుబోతని రాస్తే, నా మీద పెట్టు. ఒక విధవరాలి మీద ఒక మాట రాశాను. కాగితం నా చేతికి తిరిగిచ్చి, నా ముఖం చూడకుండా, "గిది నా మీద గూడ పెట్టకు" అన్నాడు. ఇతరులను తగ్గించకుండా నవ్వించడం ఎంత కష్టమో నాకు ఆయన వల్లే తెలిసింది. ఆ కష్టమంతా ఆయన పడ్డాడు. పేరు నాకు కూడా వచ్చింది.

చార్జింగ్ బావ అన్న పేరు నేనే తగిలించాను, ఒక భాగానికి శీర్షికగా. సెల్ షాపుల్లో మా భాగాలను మెమరీ కార్డుల్లో వేయించుకుని చూసేవాళ్ళు. కొన్నాళ్ళకు ఆయన పల్లి తీసుకుని మార్కెట్‌కు పోతే హమాలీలు బస్తాలు దించుతూనే, "ఏం బావా, చార్జింగ్ ఉన్నదా?" అని అరిచేవారు. ఆయన ఎంత పనిలో ఉన్నా ఆగి, ఫోన్ తీసి ఎత్తి చూపించేవాడు. ఒకరోజు అడిగాను, "నీకు షరం అనిపియ్యదా అన్నా?" అని.

"బస్తాలు మోసి మోసి ఉన్నరు. ఒక్క నిమిషం నవ్వుకుంటె నాదేం పోతది?"

ఆయన ఫోన్ నిజంగానే ఎప్పుడూ నిండుగా ఉండేది. పొలంలో మోటరు స్టార్టర్ డబ్బా పక్కన ఒక చార్జర్ వైరు బిగించుకున్నాడు. నీళ్ళు పారబెట్టేటప్పుడు ఫోన్ అక్కడ వేలాడేది. నంబరు కూడా ఎన్నడూ మార్చలేదు. అందరూ అగ్గువ సిమ్ములని ఏటికొకటి మారుస్తున్న రోజుల్లోనూ మార్చలేదు. ఎందుకని అడిగితే, "ఎవరన్న చేస్తరేమో" అన్నాడు. అదీ జోకే అనుకుని నవ్వాను. ఆయన భుజాలు ఆరోజు కదలలేదు.

ఆయనతో నేను నిజం పెళ్ళిచూపులకు పోయింది ఒక్కసారే. అమరచింతలో. బండి దిగి, ఆ ఇంటి గోడ చాటున అంగి మార్చుకున్నాడు. లోపల కూర్చున్నాం, ఆయన ఎప్పటిలా కుర్చీ అంచున. పిల్ల చాయ్ తెచ్చింది. పళ్ళెంలో కప్పులు గలగలమంటున్నాయి. అంతలో తలుపు వెనక నుంచి కిసుక్కుమని నవ్వు. వాళ్ళింటి పిల్లలు గుర్తుపట్టారు. పిల్ల తండ్రికీ అర్థమైంది. పెద్దమనిషి, ఏదో పంట సంగతి మాట్లాడాడు, వానల సంగతి మాట్లాడాడు, చివరికి నేల చూస్తూ అన్నాడు:

"సరే బాబూ. ఇంట్ల మాట్లాడుకొని ఫోన్ చేస్తం."

తలుపు వెనక పిల్లలు ఆ మాట కోసం కాచుకుని ఉన్నారు. ఆ అమ్మాయి తల ఇంకా వంచుకునే ఉంది. నేను మనసులో, అనొద్దు అన్నా, ఇక్కడొద్దు అని అనుకుంటున్నాను. ఆయన తలుపు వైపు చూశాడు, పిల్ల వైపు చూశాడు. జేబులోంచి ఫోన్ తీశాడు.

"చేయుండ్రి పెద్దయ్యా. ఫుల్ చార్జింగ్ ఉంది."

ఇల్లు పగిలినట్టు నవ్వారు. తండ్రి కూడా తలపాగా సర్దుకుంటూ నవ్వాడు. ఆ అమ్మాయి మొదటిసారి తల ఎత్తి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ సందట్లోనే ఆయన లేచి, కప్పులు ఏరుకుని పళ్ళెంలో పెట్టి, వంటింటి గడప దాకా తీసుకుపోయి ఇచ్చి వచ్చాడు. అక్కడ కెమెరా లేదు. నేనొక్కణ్ణే ఉన్నాను.

తిరిగి వస్తుంటే కాలువ గట్టు మీద బండి ఆపి, అంగి విప్పి మడతపెట్టి కవర్లో పెట్టుకున్నాడు. దాన్ని బండికి తగిలిస్తూ అన్నాడు:

"గా పిల్ల మస్తు భయపడ్డది. నవ్వినంక జర మంచిగైంది."

నేను కాలువ వైపు ముఖం తిప్పుకున్నాను. తిప్పుకోవడానికి ఒక కారణముంది. అప్పటికి నేనూ పెళ్ళికానివాణ్ణే. నాకూ సంబంధాలు చూస్తున్నారు. మా సిరీస్ మొదలయ్యేటప్పుడు హోటల్లో మిగతావాళ్ళు, "నువ్వు గూడ ఒక వేషం వెయ్యరాదూ" అంటే, కెమెరా ఎవరు పట్టుకుంటారని తప్పించుకున్నాను. కెమెరా పట్టుకునేవాళ్ళు దొరికేవాళ్ళే. నలుగురూ నవ్విన ముఖానికి పిల్లనెవరిస్తారని నా భయం. ఆ భయం ఎవరికీ చెప్పకుండా, ఆయన ముఖాన్ని ముందుపెట్టి వెనక నిలబడ్డాను. ఆ మరుసటి ఏడే నా పెళ్ళయింది. పందిట్లో అందరికన్నా ఎక్కువ వడ్డించింది ఆయనే. పెళ్ళయ్యాక నాకు ఆ కథల మీద ఆకలి పోయింది. పెళ్ళి వీడియోల పని పెరిగింది. 'ఫోన్ చేస్తం' ఆగిపోయింది. ఎందుకు ఆపావని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. ఆ పేరు మాత్రం ఆయన వెంట ఊరూరూ తిరుగుతూనే ఉంది. నేనూ ఫోన్ చేస్తానని చెప్పిన వాళ్ళలో ఒకడినైపోయాను.

గద్వాల నుంచి వచ్చిన మర్నాడు పెళ్ళికొడుకు చిన్నమ్మకు ఫోన్ చేసి బతిమాలాను. ఇంకో విడత తిట్టి, ఆ పసుపు చీరామె జాకెట్లు కుట్టే అచ్చంపేట దుకాణం గుర్తు చెప్పింది. బండి మీద నాగర్‌కర్నూలు దాటి పోయాను. దారి పొడుగునా ఏమి చెప్పాలో కట్టుకున్న మాటలన్నీ ఆ దుకాణం మెట్టెక్కగానే మరిచిపోయాను.

తమ్ముడు బయటే ఉన్నాడు. నన్ను చూడగానే గుర్తుపట్టాడు.

"ఓ అక్కా, మైకన్న వచ్చిండు!" అని లోపలికి కేకేసి నా వైపు తిరిగాడు. "ఏందన్నా, గీడ గూడ తెర గిట్ల పెడ్తవా?"

"మాట్లాడిపోదామని వచ్చిన తమ్మీ. తప్పు నాది."

"తప్పు నీదయితేంది, ఆయనదయితేంది? మా అక్క మొదటి పెండ్లి పెటాకులైనప్పుడు బజారంత మా ఇంటి దిక్కు చూసి నవ్వింది. మల్ల గిప్పుడు జిల్లాలకు జిల్లాలు నవ్వేటోనికి ఇయ్యాల్నా? రేపు ఆమె కూరగాయలకు పోతె చార్జింగక్క వచ్చిందంటరు. నీ అక్కనైతె ఇస్తవా?"

లోపల కుట్టుమిషను ఆగింది. ఆమె నన్ను లోపల కూర్చోబెట్టి, చాయ్ పెట్టి తెచ్చి నాకొక కప్పు, తమ్ముడికొక కప్పు ఇచ్చి, మిషను ముందు స్టూలు మీద కూర్చుంది. నాకు అప్పుడు ఆయన మాటే గుర్తొచ్చింది.

"తమ్మీ, నవ్వదలుచుకుంటె నన్ను చూసి నవ్వు" అన్నాను. "ఆ పేరు పెట్టింది నేను. ఆ కథ రాసింది నేను. నాకు గూడ అప్పుడు పెండ్లి కాలే. నా మొఖం కనపడితె నాకెవరు పిల్లనిస్తరని కెమెరా వెనక దాక్కున్న. ఆయన ముంగట నిలబడ్డడు. నాకు పెండ్లయింది, ఆయనకు కాలే. మొన్న మైకు పట్టుకున్నప్పుడు గూడ నాకు గిది యాదికి రాలే."

పొట్టి అమ్మాయి మీద రాసిన జోకు సంగతి చెప్పాను. ఫ్యాను రెక్క సంగతి చెప్పాను. అమరచింత సంగతి చెప్పాను. తమ్ముడు గడపకు ఆనుకుని, పక్కకు చూస్తూ విన్నాడు. ఆమె కొలతల టేపును వేలికి చుడుతూ, విప్పుతూ విన్నది.

"ఒక్కటి అడగాల్నా అన్నా?" అన్నది చివరికి. "ఒక దాంట్ల పేర్లు పడేటప్పుడు వెనక ఆయన కప్పులు తీస్కొని లోపలికి పోతడు. గా పని మీరు చెప్తె చేసిండా?"

"లేదు చెల్లె. రోజూ చేసేటోడు. నేనే కోసేస్తుంటి. గా ఒక్కదాంట్ల మర్చిపోయిన."

"ఎందుకు కోసిండ్రు?"

"నవ్వు రాదని."

ఆమె టేపు చుట్టి బల్ల మీద పెట్టింది. "నేను గద్వాలకు గా ముక్క చూసే వచ్చిన" అన్నది.

తమ్ముడు గడప వదిలి నిలబడ్డాడు. "అంటె ఎవరో ముందే తెల్సా అక్కా నీకు?"

"తెల్సు. నీకు చెప్పలే. చెప్తె రానిస్తుంటివా?"

"మల్ల మొన్న నేను లెమ్మంటె ఎందుకు లేసినవ్?"

"భయమయ్యి లేసిన. ఆయనను తెర మీద చూడంగనె, పక్కపొంటి నన్ను గూడ ఏస్తరేమో అని చెమటలు పట్టినయ్. రెండు కుర్చీలే గద నడుమ ఉన్నయి." అని నా వైపు తిరిగింది. "మీకు కెమెరాలకెంచి కనపడ్డదో లేదో అన్నా. ఆయన నా దిక్కు ఒక్కసారి చూసిండు. చూసి, లేసి అటు దిక్కు పొయ్యి నిలబడ్డడు. ఫోన్ ఎత్తిండు. మీ కెమెరా ఆయన ఎంబడే పాయె. నా దిక్కు రాలే."

ఆయనను అన్నేళ్ళు కెమెరాలోంచే చూశాను. జనం కోసం లేచి నిలబడ్డాడనే అనుకున్నాను. ఆమె మీద పడబోయిన దాన్ని ఆయన తన మీద పెట్టుకున్నాడు. చూస్తున్నవాడిని నేను, చూసింది ఆమె.

లేచి, నా కప్పు, తమ్ముడి కప్పు తీసుకుని లోపల నీళ్ళ బకెట్ దగ్గరికి పోయాను. వెనక నుంచి ఆమె నవ్వడం వినిపించింది. "మీరు గూడనా!" అన్నది. సిగ్గుపడుతూనే కడిగి బోర్లించి వచ్చాను.

తమ్ముడి గొంతు కొంచెం మెత్తబడింది. "సరే అన్నా. మేం ఇంట్ల మాట్లాడుకొని ఫోన్..." అని, తన నోట ఏమొస్తున్నదో తనకే తట్టి ఆగిపోయాడు.

"మాట్లాడుకునేది ఎవరున్నరు మనింట్ల, నువ్వు నేనే గద" అన్నది ఆమె. గుడ్డ మీద గీతలు గీసే సుద్ద తీసుకుంది. "నంబర్ చెప్పుండ్రి అన్నా."

చెప్పాను. ఏళ్ళుగా ఆ నంబరుకు ఫోన్ చేయలేదు గానీ, ఒక్క అంకె మరిచిపోలేదు. ఆమె మిషను బల్ల చెక్క మీదే తెల్లగా రాసుకుంది.

తిరుగు ప్రయాణంలో, నాగర్‌కర్నూలు దగ్గర ఒక హోటల్ ముందు బండి ఆపాను. నేను అచ్చంపేట పోయినట్టు ఆయనకు నా నోటనే తెలియాలి. మొన్నటి దానికీ, అంతకు ముందటి ఏళ్ళకూ మాఫీ అడగాలి. ఫోన్ చేశాను. ఆయన వేరే కాల్‌లో ఉన్నాడని వినిపించింది. చాయ్ తాగి మళ్ళీ చేశాను. ఇంకా ఆ కాల్‌లోనే ఉన్నాడు.

ఎవరితోనో నాకు తెలియదు. ఫోన్ జేబులో పెట్టుకుని, తాగిన గ్లాసు లోపలిచ్చి, బండి స్టార్ట్ చేశాను. ఆరోజు ఇక ఆయనకు ఫోన్ చేయలేదు.